ఇసకలో సంసారం

అక్వేరియం షాపుల వాళ్లకు ఒక రకం బేరగాడు బాగా తెలుసు. ఆదివారం పిల్లవాడిని వెంటబెట్టుకుని వస్తాడు. పిల్లవాడు వేలుపెట్టి చూపించిన చారల లోచ్‌లు నాలుగు కొనుక్కుని వెళ్తాడు. మూడోనాడు ఒక్కడే వస్తాడు. "ఏమండీ, మీరిచ్చినవి ఒక్కటీ కనబడటం లేదు. పోతే తేలాలి కదా, తేలనూ లేదు" అంటాడు. షాపతను తలెత్తకుండా కవరుకు రబ్బరు బ్యాండు చుడుతూ, "ఉంటాయి సార్, రాయి కిందో ఇసకలోనో ఉంటాయి" అంటాడు. "కనబడని చేపకి నేను డబ్బులెందుకు పెట్టినట్టు?" అని ఈయన బాధ.

అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఆ షాపులోనే ఉంది. అక్కడ ఆ చేపలు అంత చక్కగా కనబడ్డాయంటే తొట్టి అడుగున ఏమీ లేదు కనుక. బోసి గాజు, మూలన ఒక ఎయిర్ స్టోన్, అంతే. చోటు దొరక్క అద్దం వెంట కిందికీ పైకీ కొట్టుకుంటుంటే అబ్బ, ఎంత చురుగ్గా ఉన్నాయో అని మనం ముచ్చటపడతాం. అది చురుకు కాదు, గాభరా. ఇంటికొచ్చి కాస్త చీకటి సందు దొరకగానే ఆ గాభరా తగ్గింది, చేప మాయమైంది. కాబట్టి ఈ చేపల్ని పెంచడమంటే నా లెక్కలో చూడటం తరువాతి సంగతి. ముందు అవి మన కళ్లబడకుండా ఉండే ఏర్పాటు చేయాలి. ఆ ఏర్పాటు కుదిరిన తొట్టిలోనే లోచ్‌లు పట్టపగలు బయట తిరుగుతాయి. దాగే చోట్లు రెండే ఉంటే రెండింట్లోనే నక్కి కూర్చుంటాయి. పది ఉంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి షికారు చేస్తాయి. పెరటి తలుపు తెరిచి ఉందని తెలిసిన పిల్లి వీధి గుమ్మంలో ధీమాగా పడుకున్నట్టే ఇదీను.

లోచ్‌లంటే మనకేమీ పరాయి జాతి కాదు. కైకలూరు చెరువుల్లో పెంచే బొచ్చెకీ శీలావతికీ దూరపు చుట్టాలు, అన్నీ ఒకే గణం. కాకపోతే ఇవి నేలబారు బతుక్కి తగ్గట్టు తయారయ్యాయి. నోరు కిందికి తిరిగి ఉంటుంది. నోటి చుట్టూ మీసాలు, ఆ మీసాల నిండా రుచి తెలిసే మొగ్గలు. పొలుసులు చాలా చిన్నవి, చర్మంలో కూరుకుపోయి ఉంటాయి, కొన్నింటికి లేనట్టే లెక్క. ఇసక నోటినిండా తీసుకుని, అందులో పురుగో పుట్రో ఉంటే మింగి, మిగతాది మొప్పల్లోంచి బయటికి వదిలేస్తాయి. ఇక గుర్రపుమూతి లోచ్ అని ఒకటుంది, దాని మూతి పొడుగ్గా వంగి ఉంటుంది. కాళ్లా, గోళ్లా, ఏమీ లేవు. తల వంచి ఒంటిని రెండుసార్లు అటూ ఇటూ విదిలిస్తే చాలు, ఇసకలోకి దిగిపోతుంది. ఆ తరువాత బాగా వెతికితే రెండు కళ్లు మాత్రం గింజల మధ్య గింజల్లాగే కనబడతాయి. ఆ చేపను మొదట వర్ణించిన వాన్ హాసెల్ట్, ఆయన స్నేహితుడు హైన్‌రిష్ కూల్ కలిసి జావా వెళ్లిన ప్రకృతి శాస్త్రజ్ఞులు. కూల్ 1821లో, నిండా ఇరవై నాలుగేళ్లు రాకుండానే అక్కడే పోయాడు. మరో రెండేళ్లకు వాన్ హాసెల్ట్ కూడా. మన షాపుల్లో గోధుమరంగు పట్టీలతో సన్నగా పాములా కనిపించే కూలీ లోచ్‌కి ఆ కూల్ పేరే పెట్టారు. తొట్టిలో అంతగా దాగే చేప ఇంకోటి ఉండదేమో. అడుగున గులకరాళ్ల కింద ప్లేటు పెట్టి నడిపే పాతకాలం ఫిల్టర్లు ఇంకా కొందరిళ్లలో ఉన్నాయి. ఆ ప్లేటు కిందికి దూరిందంటే నెలల తరబడి అక్కడే కాపురం. పోయిందనుకుని లెక్క తీసేసిన చేప, ఫిల్టరు విప్పిన రోజున బలిసి బయటికొస్తుంది.

క్లౌన్ లోచ్ వేషం ఇంకో రకం. నారింజ రంగు ఒంటిమీద మూడు నల్ల పట్టీలు, బోర్నియో, సుమత్రా నదుల చేప. షాపులో వేలెడుంటుంది, పెరిగితే అడుగు దాకా వస్తుంది. ఈ ముక్క అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. అది ఇసకలో దూరదు. రాళ్ల సందులో, తన ఒళ్లు పట్టదని మనం ప్రమాణం చేసి చెప్పగల సందులో ఇరుక్కుని నిద్రపోతుంది. ఒక్కోసారి బయటే పక్కకి ఒరిగి పడుకుంటుంది, శవంలా. కొత్తగా పెంచేవాళ్లు కంగారుపడి వల పట్టుకొస్తారు. వల పెట్టకండి. చాలా లోచ్‌లకు కంటి కింద చర్మంలో ముడుచుకుని ఒక ముల్లుంటుంది. భయపడితే అది నిక్కుతుంది, వలలో చిక్కుకుంటుంది, విడదీయబోతే చేపకీ మనకీ ఇద్దరికీ గాయమే. ప్లాస్టిక్ కప్పుతో పట్టాలి. తెలిసిన షాపువాళ్లు క్లౌన్ లోచ్‌ని ఒక కవరులో కాదు, కవరులో కవరు పెట్టి ఇస్తారు, ఈ ముల్లు భయానికే.

ఇప్పుడు ఇసక. అక్వేరియం పుస్తకాలు ఫిల్టర్ల గురించి, లైట్ల గురించి పేజీలకు పేజీలు రాస్తాయిగానీ లోచ్‌కి సంబంధించినంతవరకు తొట్టి అంటే ఇసకే. మిగతావన్నీ దానికి సరంజామా. మన రాష్ట్రంలో ఇసక అనగానే అది రాజకీయమై కూర్చుంటుంది. నాకు కావలసింది రెండు బకెట్లు, కాబట్టి రీచ్‌ల గొడవ జోలికి పోను. బెజవాడలో ఏ వీధిలోనైనా ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. మేస్త్రీని అడిగితే నవ్వుతూ ఇస్తాడు. అయితే ఆ కుప్ప ఏమిటో చూసుకోవాలి. కృష్ణ ఇసకైతే సరే. నది వందల మైళ్లు దొర్లించి తెచ్చింది, గింజ అంచులు అరిగి ఉంటాయి. ఈ మధ్య సగం కుప్పలు రోబో శాండ్. కొండరాయిని మిషన్లో పిండి కొట్టింది. స్లాబుకి అదెంత మంచిదో ఇంజినీర్లు చెప్పాలి, చేపకి మాత్రం గాజుపెంకులతో సమానం. దాంట్లో మూతి దూర్చే లోచ్‌కి మొదట మీసాలు అరుగుతాయి, తరువాత పుళ్లు పడతాయి. మీసం పోయిన లోచ్‌కి తిండి వెతుక్కోవడం కష్టమవుతుంది. అరచేతిలో కాస్త తడి ఇసక వేసుకుని గట్టిగా నలిపి చూడండి. మీ చర్మానికి గుచ్చుకుంటే దాని చర్మానికీ గుచ్చుకుంటుంది. షాపుల్లో అమ్మే నీలం, గులాబీ రంగు రాళ్ల మాట ఎత్తకపోవడమే మంచిది.

కృష్ణ ఇసకలోనూ తేడాలున్నాయి. ఎగువది ఒక తీరు. హంసలదీవి వైపు, నది సముద్రంలో కలిసే చోట ఇసకలో గవ్వల పొడి కలిసి ఉంటుంది. ఆ గవ్వ సున్నం, నెమ్మదిగా కరిగి నీటిని ఇంకా గట్టిపరుస్తుంది. బోరు నీళ్లు అసలే గట్టివైన ఇళ్లలో లోచ్‌లకు అది అదనపు శిక్ష. గుప్పెడు ఇసక మీద నిమ్మకాయ పిండితే, చిన్నచిన్న బుడగలు లేచాయంటే అందులో సున్నం ఉన్నట్టు. ఇక జల్లెడ పట్టడం, నీళ్లు తేటపడేదాకా కడగడం. ఇది ఓపిక పని. మా ఇంట్లో ఈ పని జరిగే పూట డాబా మీదికి ఎవరూ రారు.

ఎంత మందాన పోయాలి అని అడుగుతారు. రెండు అంగుళాలు చాలు, గుర్రపుమూతికి మూడు. ఇంకా పోస్తే అడుగున గాలి ఆడక ఇసక నల్లబడుతుంది, కదిలిస్తే కుళ్లిన గుడ్డు వాసన. లోచ్‌లున్న తొట్టిలో ఈ బాధ తక్కువ, అవే రాత్రంతా దున్నిపెడతాయి. ఆ దున్నకంలోనే ఒక ప్రమాదమూ ఉంది. అందం కోసం ఇసక పరిచి దానిమీద పెద్ద రాయి నిలబెడతారు చాలామంది. లోచ్ ఆ రాయి కిందే ఇల్లు కట్టుకోవాలనుకుంటుంది, ఒక పక్క నుంచి తోడుకుంటూ పోతుంది. ఏ అర్ధరాత్రో రాయి ఒరుగుతుంది. కింద చేప ఉంటే చేప, పక్కన అద్దం ఉంటే అద్దం. కాబట్టి రాయి ముందు, ఇసక తరువాత. రాయిని గాజుమీదే, ఒక పలుచని థర్మోకోల్ ముక్క వేసి కుదురుగా కూర్చోబెట్టి, చుట్టూ ఇసక పోయాలి. మొక్కలు కూడా అంతే. వేళ్లు పాతిన వాలిస్నేరియా తెల్లారేసరికి పైన తేలుతుంది. చెక్కమొద్దుకి దారంతో కట్టిన అనూబియస్ జోలికి ఎవరూ పోరు.

ఈ ఇసకలో దూరే సరదా మన కృష్ణాజిల్లా వాళ్లకు వేరే చేప ద్వారా ఎప్పటినుంచో పరిచయం. బొమ్మిడాయి. అది లోచ్ కాదు, శాస్త్రం ప్రకారం వేరే గణం, వెన్నుమీద విడివిడిగా ముళ్ల వరస ఉన్న జాతి. కానీ అలవాట్లు చూస్తే అన్నదమ్ములనిపిస్తుంది. పగలంతా ఒళ్లంతా బురదలో, కొనదేరిన మూతి మాత్రం బయట. ఆ మూతి చివర తొండంలాంటి కండ, దానికి రెండు పక్కలా గొట్టాల్లాంటి ముక్కుపుటాలు. మనకి తెలిసిన బొమ్మిడాయి బూడిదలో పొర్లించి, జిగురు పోయేలా రాతిమీద రుద్ది, చింతపండు పులుసులో ఉడికినది. అదే చేపను దేశదేశాల వాళ్లు స్పైనీ ఈల్ అని అద్దాల్లో పెట్టుకుంటారని చెబితే మా బంధువుల్లో సగం మంది నమ్మలేదు.

ఒకసారి చేపల బజారులో తట్టలో ఇంకా మెలికలు తిరుగుతున్నవి చూసి, చిన్నవి ఒక జత బతికుండగానే కావాలన్నాను. అమ్మే ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి, "శుభ్రం చేయొద్దా బాబుగారూ?" అంది. తొట్టిలో పెంచుకుంటానన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "పెంచుకోండి. పెద్దయ్యాక పులుసుకి పనికొస్తాయి" అని కవరులో నీళ్లు పోసి ఇచ్చింది. అవి మా ఇంట్లో పులుసు కాలేదుగానీ, పెంచడం సులువని మాత్రం చెప్పను. గుళికల తిండి ముట్టవు. వానపాములు, రక్తపురుగులు కావాలి, అదీ దీపం ఆర్పాక. మూత అంచున పెన్సిలంత ఖాళీ ఉన్నా తెల్లారేసరికి గచ్చుమీద ఉంటాయి. ఇసకలో దూరడం తెలిసిన చేపకి ఏ ఖాళీ అయినా దారే.

అసలు మన సొంత లోచ్ ఒకటుంది. పంట కాలువల్లో, బోదెల్లో, వరిమళ్లలో ఉండే వేలెడు చేప. ఇసక రంగు ఒళ్లు, పక్కల చుక్కల వరస. శాస్త్రీయంగా లెపిడోసెఫాలిక్తిస్ థెర్మాలిస్. శ్రీలంకలో ట్రింకోమలీ దగ్గరి వేడినీటి బుగ్గల్లో దొరికిందని 1846లో ఆ పేరు పెట్టారు. వేడి బుగ్గల పేరు మోసే చేప బెజవాడ మే నెలకి జంకుతుందా! దక్షిణ భారతమంతటా ఉంటుంది. మధురైలో దీన్ని అయిరై అంటారు. బతికినవి కొని, మింగిన మట్టి కక్కడానికి పాలలో వదిలి, కుళంబు పెడతారు, ధర కూడా గట్టిగానే పలుకుతుంది. మన దగ్గర మాత్రం దానికి ఏ మర్యాదా లేదు. చేపల చెరువు రైతు దృష్టిలో అది కలుపు చేప. పిల్ల వదిలేముందు చెరువులో ఇప్పపిండి చల్లేది ఇలాంటి వాటిని తుడిచిపెట్టడానికే, హెక్టారుకి 2,500 కిలోల లెక్కన.

ఎండాకాలం కాలువలు కట్టేశాక రైవస్ కాలువో బందరు కాలువో గుంటలు గుంటలుగా మిగిలినప్పుడు పిల్లలు తుండుగుడ్డలతో చేపలు పడతారు. పైపైన ఈదేవన్నీ మొదటి వారంలోనే అయిపోతాయి. నీళ్లు వెచ్చబడి చిక్కబడ్డాక కూడా మిగిలేవి బురద చేపలు. మార్పులు, మట్టగిడసలు, ఈ లోచ్‌లు. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు లీటరులో 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరుగుతుంది. 35కి చేరితే 7కి పడిపోతుంది, అదీ నీళ్లు శుభ్రంగా ఉంటే. బురదగుంటలో ఇంకెంత మిగులుతుంది? అప్పుడు లోచ్ పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోతుంది. ఆ గాలి పేగు చివరి భాగానికి వెళ్తుంది, అక్కడి పలుచని గోడల రక్తనాళాలు ఆక్సిజన్‌ని పీల్చుకుంటాయి, మిగిలింది వెనకనుంచి బుడగలుగా పోతుంది. యూరప్‌లోని ఒక లోచ్ ఇలా పేగుతో ఊపిరి తీస్తుందని పాల్ ఎర్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1808లోనే రాశాడు. ఆ యూరప్ లోచ్‌నే అక్కడివాళ్లు గాజు జాడీల్లో పెట్టి, అది అదేపనిగా తిరగడం మొదలుపెడితే గాలివాన వస్తుందని చెప్పుకునేవారు. గాలి ఒత్తిడి తగ్గడం దానికి తెలుస్తుందట. మన లోచ్ మీద నేను అంత బరువు పెట్టను. బంగాళాఖాతంలో వాయుగుండం సంగతి వాతావరణ శాఖ దగ్గర తెలుసుకోవడమే మేలు. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగిన రాత్రి మాత్రం తొట్టిలో అన్నిటికంటే నిదానంగా ఉండేది ఇదే.

దాగడంలో వీటన్నిటి కంటే ఒక మెట్టు కిందికి దిగినది కేరళలో ఉంది. నేల పొరల కింది నీళ్లలో, వెలుతురు చొరని చోట బతికే సన్నని ఎర్రటి లోచ్. బావుల్లోంచి, ఇంటి కుళాయిల్లోంచి బయటపడింది. 2022లో దానికి పాంజియో పాతాళ అని పేరుపెట్టారు. కూలీ లోచ్‌కి సొంత దాయాది. దాన్ని ఎవరూ తొట్టిలో పెట్టకుందురుగాక.

ఇది ఎందుకంటున్నానంటే, మొదట చెప్పిన ఆ చారల లోచ్, షాపుల్లో జీబ్రా లోచ్ అని అమ్మేది, మన కృష్ణమ్మ బిడ్డే. కాకపోతే ఎగువ కాన్పు. బెంగళూరు సెంట్రల్ కాలేజీ జంతుశాస్త్రజ్ఞుడు సి.ఆర్. నారాయణరావు 1920లో శివమొగ్గ దగ్గర తుంగ నదిలో దొరికినదాన్ని చూసి బోటియా స్ట్రయాటా అని వర్ణించాడు. పడమటి కనుమల్లో, కృష్ణ, తుంగ పుట్టిన ప్రాంతపు రాళ్ల వాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్రజాబితాలో ఎక్కింది. రాజీవ్ రాఘవన్, ఆయన తోటి పరిశోధకులు 2013లో ఒక లెక్క తీశారు. 2005 నుంచి 2012 దాకా మన దేశం నుంచి అలంకార చేపలుగా ఎగుమతైన వాటిలో ప్రమాదంలో ఉన్న జాతులు కనీసం 30, చేపలు 15 లక్షలకు పైన. ఆ రాశిలో పెద్ద వాటా ఉన్న పేర్లలో ఈ జీబ్రా లోచ్ ఒకటి. ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ దాటి ఆ చేప నదిలో ఈదుకుంటూ మన బ్యారేజీ దగ్గరికి ఎన్నటికీ రాలేదు. ఆక్సిజన్ కవరులో, థర్మోకోల్ పెట్టెలో, ఏ కొళత్తూరు హోల్‌సేల్ బజారు మీదుగానో వచ్చేస్తుంది.

నేను ఈ మధ్య దాన్ని కొనడం మానేశాను. చెప్పడానికి పెద్ద త్యాగమేం కాదు. కాలువ లోచ్ తొట్టిలో చేసే పని అదే, ఇసక దున్నడం అదే, గుంపుగా ఒకే రాయి కింద కుమ్ములాడుకోవడం అదే. చారలు మాత్రం ఉండవు. చారల కోసం పట్టుబట్టే పిల్లలున్న ఇంట్లో ఈ వాదన చెల్లదని నాకూ తెలుసు. షాపతనితో అంటే, "కాలవ చేపకి డబ్బులెవరిస్తారు సార్?" అన్నాడు. అదీ నిజమే.

ఏ లోచ్ అయినా ఒంటరిగా తేకండి. అయిదారు ఉంటే ధైర్యం. పైన నాలుగు రాస్బోరాలో బార్బ్‌లో తిరుగుతుంటే, అవి బెదరడం లేదు కదా అని ఇవి కిందనుంచి బయటికొస్తాయి. మునిగే గుళికలు దీపం ఆర్పాక వేయండి. తెల్లమచ్చల జబ్బు తొట్టిలో మొదట అంటుకునేది క్లౌన్ లోచ్‌కే. మందు సీసా మీద రాసిన మోతాదు పొలుసులున్న చేపలది, వీటికి సగమే. రాగి కలిసిన మందు అసలు వద్దు. నీళ్లు 30 డిగ్రీలకు వెచ్చబెడితే జబ్బు చక్రం తొందరగా తిరిగి మందు పనిచేస్తుంది. మన ఊళ్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా హీటర్ ఖర్చు లేకుండానే ఆ పని జరిగిపోతుంది.

ఇక ఇల్లు మారాల్సి వస్తే, సత్యనారాయణపురం నుంచి పటమటకైనా సరే, లోచ్‌లున్న తొట్టిని మోయడం ఒక పూట పని. ముందు రాళ్లు, చెక్కలు ఒక్కొక్కటే నీళ్లలోనే ఆడించి తీయాలి, ప్రతి సందులోనూ ఎవరో ఒకరుంటారు. నీళ్లు నాలుగు వేళ్ల లోతుకి దించాక పైన తిరిగేవి కప్పుకి చిక్కుతాయి. మిగిలినవి ఇసకలో. అప్పుడు పార పెట్టకూడదు, గరిట పెట్టకూడదు. వేళ్లు పైకి తిప్పి అరచేయి మెల్లగా ఇసక కిందినుంచి పోనిచ్చి ఎత్తాలి, గుప్పెడు గుప్పెడు. లెక్క తేలకపోతే కంగారు పడకుండా ఆ ఇసకను అలాగే బకెట్లో పోసి, మునిగేటన్ని నీళ్లు ఉంచి, బకెట్ మీద గుడ్డ కట్టి ఆటోలో కాళ్ల మధ్య పెట్టుకోండి. ఫిల్టరు డబ్బా కూడా విప్పి చూడండి.